భుజం మందు

మీట నొక్కితే ముందు గంట మోగుతుంది. ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆగాలి. తొందరపడితే మొదటి మాట అందులో కలిసిపోయి, బస్సు ఎక్కడికో జనానికి అంతుపట్టదు. మైకుకి జానెడు దూరంలో మూతి ఉంచాలి. ఊపిరి తీసుకునేటప్పుడు తల పక్కకి తిప్పుకోవాలి, లేకపోతే బస్టాండంతా ఈదురుగాలి కొట్టినట్టు వినబడుతుంది. ఇవేవీ ఎవరూ నేర్పలేదు. ఏళ్ళ తరబడి ఆ గాజు గదిలో కూర్చుని తనే పట్టుకుంది. మొదట ఒక గంట మోగుతుంది, తర్వాత ఇంకో గంట మాట్లాడుతుంది అనేవాళ్ళు డ్రైవర్లు. అలా ఆమెకి గంటమ్మ అనే పేరు నిలిచిపోయింది.

"ప్రయాణికులకు మనవి. కొండదారి మీదుగా వెళ్ళే బస్సు నాలుగో నంబరు దగ్గర నిలబడి ఉంది."

'నాలుగో' దగ్గర గొంతు కాలుజారినట్టు కిందికి పోయింది. పైకి లాగబోతే చీలింది. గాజుకి అవతల బెంచీ మీద కూర్చున్న ఒకావిడ తలెత్తి స్పీకరు వంక చూసి, పక్కావిడ మోచేతిని పొడిచింది. ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

కొండదారి బస్సు డ్రైవరు కిటికీ కన్నంలోంచి ట్రిప్పు చీటీ లోపలికి తోస్తూ, "ఏం బాబాయ్, ఇవాళ గెడ్డం గీసుకోలేదా?" అన్నాడు.

"బండి తియ్యి. టైమైంది."

"చూశారా, గద్దించడం కూడా అచ్చం బాబాయే," అని వెనకున్న కండక్టరుకి చెప్పి నవ్వుకుంటూ పోయాడు.

ఆమె చీటీ మీద ముద్ర గుద్దింది. రుమాలుతో గెడ్డం తుడుచుకుంది. తెల్లవారగానే పట్టకారుతో ఒక్కొక్క వెంట్రుకా పీకి వచ్చింది. మధ్యాహ్నానికి అక్కడంతా ఎర్రగా కంది, చెయ్యి తగిలితే గరగరలాడుతోంది.

షిఫ్టు దిగేముందు మేనేజరు పిలిచాడు. ఆయన మంచివాడే. చెడ్డమాట చెప్పాల్సి వచ్చినప్పుడు బల్ల మీది వస్తువులు సర్దుతాడు. ఇవాళ గుండుసూదుల డబ్బా మూతపెట్టి తీసి, మళ్ళీ పెట్టాడు.

"గంటమ్మా, నాకేం పట్టింపు లేదు. జనం ఒకటే గొడవ. మొన్న పైవాళ్ళు తనిఖీకి వచ్చి విన్నారు. ఈ కుర్చీలో ఆడమనిషి ఉండాలి కదా, మగాణ్ణెందుకు కూర్చోబెట్టావని నన్ను అడిగారు. ఏం చెప్పమంటావు?"

"మందులు వాడుతున్నాను సార్. రక్తపరీక్షలు జరుగుతున్నాయి."

"మంచిదే. అప్పటిదాకా సామాన్ల గదిలో కూర్చో. పోయిన సంచులు, గొడుగులు ఎవరివి వాళ్ళకిచ్చే పని. మాట్లాడే అవసరం పెద్దగా ఉండదు."

"తగ్గితే?"

"తగ్గితే నీ కుర్చీ ఎక్కడికీ పోదు. గొంతు తెచ్చుకో, కుర్చీ తీసుకో."

అంతకంటే తేలిక బేరం లేనట్టు, ఆయన డబ్బా పక్కకి నెట్టాడు.

*

పొద్దున్నే ఆమె భర్త చొక్కా విప్పి వంటింటి గుమ్మంలో ఎత్తుపీట మీద కూర్చున్నాడు. గోదాంలో సూపర్‌వైజరు. పదిమంది హమాలీల మీద అరిచే ఉద్యోగం. ఏడాదిగా భుజాలు పట్టేస్తున్నాయని ఏదో మందు తెచ్చుకుంటున్నాడు. తెల్లటి సీసా, పైన కాగితం పీకేసి ఉంటుంది. ఇనప బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పొద్దున తీసి ఆమె చేతికిస్తాడు.

ఆమె మూత తిప్పి అరచేతిలోకి వంచుకుంది. నీళ్ళ రంగు జిగురు, ఇంజెక్షనుకి ముందు తుడిచే స్పిరిటు వాసన. ఎడమ భుజం, కుడి భుజం, మోచేతి పైదాకా దండచెయ్యి. జిగురు ఇంకి చర్మం పొడిబారేదాకా రాస్తూనే ఉండాలి.

"గట్టిగా రుద్దు. ఊరికే నిమిరితే లోపలికి పోదు."

"రుద్దుతున్నాను కదండీ."

"అబ్బో, ఏం గొంతే," అని తల వెనక్కి తిప్పి నవ్వాడు. "అమ్మా, విన్నావా? మనింట్లో ఇప్పుడు ఇద్దరు మగాళ్ళం."

అత్తగారు గోడకానుకుని టీలో రొట్టె ముంచుకుంటోంది. "ఇద్దరైతే మంచిదేలే. ఒకడు గోదాంకి పోతే ఇంకొకడు ఇంటికి కాపలా. నాకు మాత్రం వీధిలో మొహం చెల్లడం లేదు. ఎదురింటావిడ నిన్న అడిగింది, మీ ఇంట్లో చుట్టాలాయన ఎవరో ఉన్నట్టున్నారే, గొంతు వినబడుతోంది అని. ఆయన మా కోడలేనమ్మా అన్నాను."

తల్లీ కొడుకూ నవ్వుకున్నారు. జుట్టు కళ్ళమీద పడితే గంటమ్మ తడిచేత్తోనే వెనక్కి తోసుకుంది. గెడ్డం దగ్గర దురద పెడితే అదే చేత్తో గోక్కుంది. సీసా మూత బిగించి ఆయనకిచ్చేసింది.

"పరీక్ష ఈవేళే కదండీ. మీరూ వస్తారా?"

"సాయంత్రం డాక్టరు దగ్గరికి వస్తాను. రక్తం తీయడానికి నేనెందుకు? నీలో బోలెడుంది."

రక్తం తీసే చోట ఆడవాళ్ళకో తెర, మగవాళ్ళకో తెర. నంబరు పిలిచారు. "వస్తున్నా," అంది గంటమ్మ తెర బయట నుంచి. "ఇది ఆడవాళ్ళ నంబరండీ, మీరు ఆగండి," అన్నాడు లోపలి కుర్రవాడు. ఆమె తెర తీసుకుని లోపలికి వెళ్ళింది. అతను ఆమెని చూసి, చేతిలోని చీటీ చూసి, "ఓహో," అన్నాడు. దండచేతికి రబ్బరు గొట్టం కట్టి, మోచేతి మడతలో వేలితో తట్టి నరం వెతికాడు. సూది దిగింది. సీసాలోకి రక్తం సన్నగా, ముదురుగా ఎక్కింది. అందరి రక్తం ఎలా ఉంటుందో అలాగే ఉంది. అందులో ఏముందో పైకి తెలియదు.

సాయంత్రం డాక్టరమ్మ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంది. ఆవిడది తొందర మాట, కానీ విసుగు లేదు.

"అర్థమయ్యేట్టు చెబుతాను. మగ హార్మోన్లని కొన్ని ఉంటాయి. పేరు మగదే గానీ ఆడవాళ్ళ ఒంట్లోనూ కొంచెం తయారవుతాయి. ఆ కొంచెం లేకపోతే ఎముకకీ కండకీ నష్టం. అండాశయాలు కొంత చేస్తాయి, మూత్రపిండాల మీద టోపీల్లాంటి గ్రంథులుంటాయి, అవి కొంత చేస్తాయి. మీ రక్తంలో కొంచెం కాదు, మగవాళ్ళకుండేంత ఉంది. పోయినవారం తప్పొచ్చిందేమోనని మళ్ళీ తీయించాను. ఇంకా పెరిగింది."

"ఎక్కడి నుంచి వస్తోందండీ?"

"అదే తేలాలి. ఆ టోపీల వాటా వేరే పరీక్షలో సరిగానే ఉంది. ఇక మిగిలింది అండాశయాలు. స్కానులో ఏమీ కనబడలేదు. కానీ గింజంత గడ్డ లోపల దాక్కుంటే స్కానుకి దొరకదు." డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మీరు ఒంటికి ఏమన్నా వాడుతున్నారా? మాత్రలు, బలం మందులు, పూతలు?"

గంటమ్మ నోరు తెరిచేలోపల పక్కన కూర్చున్న భర్త అందుకున్నాడు. "ఏమీ లేవండీ. మొహానికి పౌడరు కూడా రాసుకోదు. నాకు తెలియకుండా మా ఇంట్లోకి మందు రాదు."

ఆమె తలూపింది. నిజమే, తను ఒంటికి ఏమీ వాడదు.

"అయితే కెమెరా వేసి లోపల చూడాలి. మీకు వయసూ అయింది, అమ్మాయికి పెళ్ళై అత్తారింటికి పోయింది అంటున్నారు. రెండు అండాశయాలూ తీసేయడమే మేలని నా ఉద్దేశం. ఈ గురువారం చేయొచ్చు. ఇద్దరూ ఆలోచించుకోండి."

"ఆలోచించేదేముందండీ, తీసేయండి," అన్నాడు భర్త. చొక్కా కాలరు సర్దుకున్నాడు. "పనికొచ్చే కాలం అయిపోయింది కదా."

"తీసేస్తే గొంతు వస్తుందా?" అంది గంటమ్మ.

డాక్టరమ్మ ఆమె మొహం చూసింది. "ముందు కారణం తీసేద్దాం. గొంతు సంగతి తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని ఇల్లు చేరింది గంటమ్మ. దారిలో భర్త ఒకటే మాట్లాడాడు. గోదాంలో లారీ ఎలా ఇరుక్కుందో, హమాలీలు ఎంత సోమరిపోతులో చెప్పాడు. మామూలుగా దారిలో నోరు విప్పే మనిషి కాదు.

*

మర్నాడు ఆమె సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన బట్టలు సర్దుకుంది. సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళాడు. అత్తగారు ఎదురింట్లో ఉంది. బల్ల మీద ఆయన ఫోను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. గోదాం నుంచేమోనని తీసింది.

"హలో."

"నమస్తే సార్. మందుల షాపు నుంచి. మీ జెల్ వచ్చింది."

ఆమె, నేను ఆయన భార్యనండీ అనబోయింది. అవతలివాడు ఊపిరి తీసుకునే రకం కాదు.

"పాత సీసా రకం ఆగిపోయింది సార్. ఇప్పుడు పైన నొక్కే పంపుతో వస్తోంది. రెండు నొక్కులు నొక్కుకోండి, చాలు. సార్, ఒక మాట, ఏమీ అనుకోకండి. గొంతు బాగా గట్టిపడింది. మందు బ్రహ్మాండంగా పట్టినట్టుంది." పడీపడీ నవ్వాడు. "మగతనం తగ్గిందని దిగులుగా వచ్చారు, ఇప్పుడు వింటుంటే నాకే భయమేస్తోంది."

గంటమ్మ ఫోను చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. మైకు ముందు చేసినట్టే తల పక్కకి తిప్పి ఊపిరి తీసుకుంది.

"ఊఁ," అంది.

"ఇంకోటి సార్. పోయిన నెల మీరడిగారు కదా, రాసుకున్న చోట ఇంట్లో ఆడవాళ్ళ చెయ్యి తగిలితే గెడ్డం వస్తుందా అని. కంపెనీ అతన్ని కనుక్కున్నాను. వస్తుందట. గొంతు కూడా మారుతుందట. మగ హార్మోనే కదా సార్, చర్మంలోంచి పోతుంది, దానికి ఆడా మగా తెలుస్తుందా? మీరే రాసుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, పైన చొక్కా వేసుకోండి. అసలు ఆడవాళ్ళని ముట్టుకోనివ్వద్దు. అప్పుడే ఫోన్ చేసి చెప్పాను, గుర్తుందా? ఊరికే మళ్ళీ చెబుతున్నాను."

"గుర్తుంది," అంది గంటమ్మ.

"మంచిది సార్. రేపు వచ్చి తీసుకోండి."

ఫోను ఉన్నచోటే, ఉన్నట్టే పెట్టింది. స్నానాలగదిలో చెంబు చప్పుడు వినబడుతోంది. ఆమె రెండు అరచేతులూ వెల్లకిలా పెట్టి చూసుకుంది. గీతలు తప్ప ఏమీ లేవు. వెళ్ళి సబ్బుతో కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు. తుడుచుకుని వాసన చూసుకుంది. సబ్బు వాసనే. ఏడాది పాటు లోపలికి పోయింది ఇప్పుడు కడిగితే ఎలా వస్తుందని తనకే అనిపించి కొళాయి కట్టేసింది.

పోయిన నెల. పోయిన నెలలోనే ఆయన ఆమెకి పట్టకారు కొనుక్కొచ్చాడు. పాతది మొద్దుబారింది కదా అన్నాడు. ఆ పట్టకారు చూసి ఆ రోజంతా ఆమె మురిసిపోయింది.

అన్నాలు తినేటప్పుడు ఆయన వంక చూసింది. చెబుతాడేమో. ఎల్లుండి తనని బల్ల మీద పడుకోబెట్టి కడుపుకి చిల్లులు పెడతారు. ఈ రాత్రి కాకపోతే రేపైనా చెప్పాలి కదా. తెలిసిన మనిషి చెప్పకుండా ఎలా ఉంటాడు? ఆయన పెరుగు కలుపుకుని, ఇంకొంచెం ఉప్పు అడిగి, తిని లేచాడు.

*

పొద్దున చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. సీసా అందించాడు. అడుగున కొంచెమే మిగిలింది. ఆమె అందుకోలేదు.

"ఏమండీ, రేపు ఆపరేషను కదా. ఒంటికి తగిలే మందులన్నీ చెప్పమంది డాక్టరమ్మ. ఈ భుజం మందు సంగతి చెప్పనా?"

ఆయన భుజాలు బిగుసుకున్నాయి. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి.

"నా భుజం మందుకీ నీ కడుపుకీ ఏం సంబంధం? ఇలాంటి పిచ్చి ప్రశ్నలడిగితే పల్లెటూరి మొద్దనుకుంటుంది. రాయి, గోదాంకి టైమైంది."

"నా చేతికి తగులుతోంది కదా అని."

"తగిలితే ఏమవుతుంది? ఏడాది నుంచి రాస్తున్నావు, ఏమైంది?"

ఆయన తల తిప్పి ఆమె మొహం చూశాడు. గెడ్డం వంకా చూశాడు. చూసి, మళ్ళీ ముందుకి తిరిగి, భుజం పైకెత్తి ఉంచాడు.

అప్పటిదాకా ఆమెలో ఆ మనిషి మీద ఏదో కొంచెం మిగిలుంది. పీట మీద ఎత్తి ఉంచిన ఆ భుజాన్ని చూస్తూ నిలబడ్డంతసేపట్లో అదీ పోయింది.

"వేళ్ళు కాలాయండీ, నూనె చిట్లింది," అంది. "ఇవాళ్టికి మీరే రాసుకోండి."

ఆయన సణుక్కుంటూ రాసుకున్నాడు. ఆయన వీధి మలుపు తిరగగానే ఆమె చెప్పులేసుకుని ఆసుపత్రికి నడిచింది.

డాక్టరమ్మ మొత్తం వింది. తర్వాత బల్ల మీది గురువారం ఆపరేషను కాగితాన్ని అడ్డంగా గీత గీసి కొట్టేసింది.

"నేను మిమ్మల్ని అడిగాను. ఆయన్ని అడగాల్సింది," అంది. "ఆ మందు ముట్టుకోకండి. ఆయన తువ్వాలు, దిండు, విడిచిన బనీను, అన్నీ వేరు. మూడు వారాలు పోయాక మళ్ళీ రక్తం చూద్దాం. దిగిపోతుంది. దిగితే ఇక కొయ్యాల్సిన పనే లేదు."

"గెడ్డం?"

"పీకినవి కొన్ని మళ్ళీ వస్తాయి. మెల్లగా పలచబడతాయి."

"గొంతు?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "గొంతులో రెండు తీగలుంటాయి. ఈ హార్మోను తగిలితే మందమవుతాయి. మగపిల్లలకి మీసాలొచ్చే వయసులో అయ్యేది అదే. మందమైనవి మళ్ళీ సన్నబడవమ్మా."

"రక్తం బాగైనా?"

"రక్తం బాగవుతుంది. గొంతు ఇంతే."

గంటమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. బయట ఎవరి నంబరో పిలుస్తున్నారు, సాగదీసిన సన్నటి గొంతుతో.

"ఆ నెలలోనే ఆపుంటే?" అంది చివరికి. "పోయిన నెల ఆపుంటే ఇంత అయ్యేది కాదా?"

"ఇంత అయ్యేది కాదు. పాత గొంతు ఎంతో కొంత మిగిలేది." డాక్టరమ్మ కలం అందుకుంది. "మీ ఆయన్ని పిలిపించి నేను మాట్లాడనా?"

"వద్దండీ."

"ఇంట్లో ఇంకెవరన్నా ఆడవాళ్ళున్నారా? వాళ్ళకీ చెప్పండి, దాని జోలికి పోవద్దని."

"చెబుతాను," అంది గంటమ్మ.

*

ఆపరేషను వాయిదా పడిందని ఆ రాత్రే చెప్పింది. ఎందుకని ఆయన అడిగాడు. మళ్ళీ రక్తం చూస్తారట అంది. ఇంకేం చెప్పిందని అడిగాడు. ఏమీ చెప్పలేదంది. ఆయన ఆమె కళ్ళలోకి చూడబోయి, గోడ మీది కేలండరు చూశాడు.

పొద్దున పీట వేసుకుని కూర్చున్నాడు. కొత్త డబ్బా, పైన నొక్కే పంపు. దీనికీ కాగితం పీకేశాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"ఇదిగో, రా."

"నేను ఏ మందూ ముట్టుకోకూడదండీ. డాక్టరమ్మ చెప్పింది."

"ఏ మందూ అంటే?"

"ఏ మందూ అనే చెప్పింది."

ఆయన డబ్బా పట్టుకుని అలాగే ఉన్నాడు. ఆమెకి ఎంత తెలుసో ఆమె వీపు చూసి కనిపెట్టాలన్నట్టు చూస్తున్నాడు. ఆమె రొట్టె తిరగేసింది.

గోడ దగ్గర అత్తగారు టీ గ్లాసు కింద పెట్టింది. "పోనీలే నాన్నా, బతిమాలకు. రాజుగారి కూతురు చేతులవి, అరిగిపోతాయి. నాకు లేవా చేతులు? ఇలా తే."

"వద్దమ్మా. నేనే రాసుకుంటాను."

"నువ్వు రాసుకుంటే భుజం వెనక అందుతుందా? నిన్న నువ్వే రాసుకుంటివి, రాత్రంతా మెడ తిప్పలేకపోయావు. చిన్నప్పుడు ఒళ్ళంతా రుద్ది స్నానం పోసిన చేతులివి. నాకంటే బాగా రుద్దుతుందా ఈ మీసాలాయన?"

"వద్దన్నాను కదే అమ్మా."

"ఎందుకు వద్దు? ఏం, నా చెయ్యి తగిలితే కందిపోతావా?"

ఆ ఎందుకుకి ఆయన దగ్గర జవాబుంది. ఒక్క ముక్క చాలు. కానీ అది చెబితే అది ఏం మందో చెప్పాలి. ఎందుకు వాడుతున్నాడో చెప్పాలి. ఎప్పటి నుంచి తెలుసో కూడా చెప్పాలి. ఎదురింటికీ అక్కడి నుంచి గోదాం దాకా పోతుందది. ఆయన డబ్బాని ఒళ్ళోకి లాక్కున్నాడు.

అత్తగారు డబ్బా లాక్కుంది. పంపు ఎలా నొక్కాలో తెలియక ఎడాపెడా నొక్కింది. అరచేయి నిండిపోయింది. రెండు చేతులకీ పూసుకుని కొడుకు భుజం మీద వేసింది.

"అబ్బ, చల్లగా ఉందిరా," అంది ముచ్చటగా. "ఇదేం కష్టమని ఈవిడకి? రోజూ నేనే రాస్తాను ఇక మీదట."

గంటమ్మ పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది. ముసలావిడ చర్మం పలచన, నరాలు పైకి తేలి ఉన్నాయి. వేళ్ళ మధ్య తడి మెరుస్తోంది. బలంగా, ప్రేమగా రుద్దుతోంది. రుద్దుతూ రుద్దుతూ జారిన కళ్ళజోడు అదే చేత్తో ముక్కు మీదికి తోసుకుంది. చెంప మీద చెమట తుడుచుకుంది.

తల్లి భుజం పక్కనుంచి ఆయన భార్య వంక చూశాడు. ఆమెకి అంతా తెలుసని ఇప్పుడు ఆయనకి తెలిసిపోయింది. కళ్ళతో బతిమాలుతున్నాడు. నోటితో అడగలేడు. చెప్పవద్దు, ఎవరికీ చెప్పవద్దు, అంతే ఆ కళ్ళలో ఉంది.

"ఏమేవ్, అలా గుడ్లప్పగించి చూస్తావేం?" అంది అత్తగారు. "నోరు పడిపోయిందా?"

గంటమ్మ రొట్టెలు డబ్బాలో సర్ది మూత నొక్కింది. సామాన్ల గదికి ఆలస్యమవుతోంది. ఆయన అడిగినట్టే, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయింది.